ప్రతాపు కూర్చోలేదు

ధర్మవరం,
మే 19

మామకు,

తమ్ముడు ప్రతాపును పూడ్చేటప్పుడు నిన్ను రానివ్వలేదు కాబట్టి ఆ రోజు జరిగిందంతా నేనే రాయాలి. ఫోనులో చెబుదామంటే జైలువాళ్లు ఇచ్చే ఆ కాస్త సమయం ఇద్దరం ఏడవడానికే సరిపోయింది. ములాఖత్‌కు రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ గేటు దగ్గర నుంచే పంపించేశారు. ఎందుకు అని అడిగితే చెప్పే దిక్కు లేదు.

అమ్మ "వాని మేనమామ లేకుండా వాన్ని పూడ్చుకుంటిమే" అని అదే మాట పట్టుకుంది. నన్ను నీకిచ్చి చేసినప్పుడు, ఇచ్చేది నా తమ్మునికే కదా, బిడ్డ యాడికీ పోదు అని సంబరపడిన మనిషి. ఇప్పుడు కొడుకు మట్టిలో ఉన్నాడు, తమ్ముడు జైల్లో ఉన్నాడు. బిడ్డ మాత్రం నిజంగానే ఎక్కడికీ పోలేదు.

ప్రతాపును తెల్లవారగానే తెచ్చారు. అంబులెన్సు వెనకాలే ఒక ట్రాక్టరు నిండా కట్టెలు. మేం అడగలేదు, వాళ్లే తెప్పించారు. వెంట వచ్చిన ఎస్సై మంచిగానే మాట్లాడాడు. "ఎండకాలం, లేటు చేసేది వద్దమ్మా. కట్టెలు మేమే తెప్పిచ్చినాం, మీకు ఖర్చేమీ లేదు" అన్నాడు. అమ్మ ఆ కట్టెలకేసి చూసి, "మేం లింగం కట్టుకునేటోళ్లం సామీ. మాలో కాల్చరు. కూర్చోబెట్టి పూడుస్తారు" అంది. ఆయన మొహం మారింది. పక్కకు పోయి ఎవరితోనో చాలాసేపు ఫోనులో మాట్లాడాడు. చివరికి కట్టెలు దింపకుండానే ట్రాక్టరు వెనక్కి పోయింది. కట్టెల మీద వాళ్లకంత ఆరాటమెందుకో నాకు అప్పుడు తట్టలేదు.

స్నానం చేయించి, విభూతి పూసి, వాడి కాళ్లు అమ్మే మడిచింది. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. పూలు కట్టి, కూర్చోబెట్టే మోసుకుపోయాం. గుంతలో ఉప్పు, విభూతి, మారేడాకు నింపి పూడ్చారు. కులపెద్ద బసప్ప దగ్గరుండి అన్నీ చేయించాడు.

మామా, మీరిద్దరూ ఒకే బ్యారక్‌లో ఉన్నారు. నీళ్ల ట్యాంకరు రాలేదని బిందెలు పెట్టుకుని రోడ్డు మీద కూర్చున్న కాలనీ మొత్తంలో మీ ఇద్దరికే బెయిలు రాలేదు. పోలీసు జీపు అద్దం పగలగొట్టింది మీరు కాదని కాలనీకంతా తెలుసు. వ్యాను ఎక్కేటప్పుడు వాడు నవ్వుతూనే ఎక్కాడు. "మామ తోడున్నాడు, నాకేంది" అన్నాడు. వాడికి ఏమైంది? దాచకుండా రాయి. ఎంత ఘోరమైనా సరే రాయి.

సునంద

*

జైలు నుంచి,
మే 30

చి.ల.సౌ. సునందకు,

తిప్పేస్వామి ఆశీర్వదించి వ్రాయునది. నేనిచ్చట క్షేమము. నీవును, అక్కయు క్షేమమని తలచెదను.

ప్రతాపు స్నానాల గదిలో కాలు జారి పడినాడు. పడిన పిమ్మట గుండె ఆగినది. అధికారులు వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోయినారు. ఇందులో వారి లోపము ఏమియు లేదు. నీవు వకీళ్ల మాటలు గాని, సంఘాలవారి మాటలు గాని వినవలదు. పోయినవాడు తిరిగి రాడు. మగ్గము మీద ఉన్న చీర పూర్తి చేసి నీ పని చూసుకొనగలవు. ఇచ్చట భోజనము, నీళ్లు బాగున్నవి.

ఇట్లు,
తిప్పేస్వామి

*

ధర్మవరం,
జూన్ 8

మామకు,

ఈ ఉత్తరం నీదేనా? అక్షరాలు నీవే, మాట నీది కాదు. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను "ఏమే" అని తప్ప పిలిచి ఎరగవు. ఇప్పుడు చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతినయ్యాను. నీళ్లు బాగున్నవట. నీళ్ల కోసం రోడ్డెక్కి జైలుకు పోయిన మనిషి రాసే మాటేనా అది? కోపంతో రెండు రోజులు మగ్గం మీద కూర్చోలేకపోయాను. కూర్చున్నా పోగు తెగుతూనే ఉంది.

నీకు నేను రాయనిది ఒకటుంది. అమ్మ వాడి కాళ్లు మడిచేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. కుడి కాలు మడుచుకుంది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి పక్కకు తిరిగిపోయింది. అమ్మ చేతిలో ఊగింది. నేను నోరు తెరవబోతే అమ్మ కళ్లతోనే ఆపేసింది. తన పాత చీర చించి తొడ నుంచి పాదం దాకా బిగించి కట్టింది. పైన కొత్త పంచె కప్పి కూర్చోబెట్టింది. బయటికి వచ్చి, "బంగారట్లా కూర్చున్నాడు నా కొడుకు" అని అందరికీ చెప్పింది. మనవాళ్ల సంగతి నీకు తెలియంది కాదు. శవం సరిగా కూర్చోకపోతే వాడు శివుణ్ణి చేరలేదంటారు, వాడు చేసిన పాపమేదో ఉందంటారు. కొడుకును ఎవరూ ఆ మాట అనకూడదని అమ్మ తాపత్రయం. నేనూ నోరు మూసుకున్నాను.

అక్కడితో అయిపోయిందా అంటే కాలేదు. జైల్లో చావు కాబట్టి మేజిస్ట్రేటు విచారణ పెట్టారు. అమ్మను పిలిచి అడిగితే బసప్ప ముందు, కులంవాళ్ల ముందు మళ్లీ అదే చెప్పింది. ఒంటి మీద దెబ్బలేమీ లేవు, బాగా కూర్చున్నాడు అని. చెప్పి వేలిముద్ర వేసింది. అనంతపురం వకీలు సుష్మమ్మ అది చూసి తల పట్టుకుంది. "పోస్టుమార్టంలో ఎముకల ఊసే లేదు. తల్లి కూడా ఏమీ లేదనింది. ఇంక మిగిలింది మీ ఆయన మాటొకటే" అంది.

ఆ మాట నువ్వు ఇట్లా రాశావు. వాడు నిన్ను నమ్ముకుని నవ్వుతూ వచ్చాడు మామా. చూసింది చెప్పలేకపోతే ఊరికే ఉండు. అబద్ధం మాత్రం రాయొద్దు. అట్లయితే ఉత్తరమే రాయొద్దు.

సునంద

*

జైలు నుంచి,
జూన్ 27

సునందా,

ఇది పోస్టులో రాలేదు. తెచ్చిన కుళ్లాయప్ప మా బ్యారక్‌వాడు, ఇవాళ విడుదలవుతున్నాడు. చెప్పు అట్ట కింద పెట్టుకుని వస్తున్నాడు. వాడికి అన్నం పెట్టు. ఏమీ అడగొద్దు, వాడికీ భయమే.

ఇక్కడ ఏ ఉత్తరమైనా ఆఫీసులో చదివాకే మా చేతికిస్తారు. మేం రాసిందీ చదివాకే పంపుతారు. మే నెలాఖరున నీకు పంపింది వాళ్లు చెబుతుంటే నేను రాసింది. పక్కన పెద్ద వార్డరు నిలబడి ఉన్నాడు. నువ్వు గుర్తుపడతావనే ఆ చి.ల.సౌ. పెట్టాను. నువ్వు గుర్తుపట్టావు గానీ, గుర్తుపట్టి కూడా నన్నే తిట్టావు. తిట్టు, ఫరవాలేదు.

కానీ నీ ఉత్తరాన్ని జైలరు నన్ను ఎదురుగా నిలబెట్టి పెద్దగా చదివాడు. మోకాలి దగ్గరికి వచ్చి ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాడు. తర్వాత నన్ను బయటికి పంపి తలుపు వేసుకున్నాడు. కాల్చకుండా పూడ్చిన మనిషి కాలిలో సాక్ష్యం ఉందని వాళ్లకు మనమే చెప్పినట్టయింది. నీ తప్పు కాదు. నీకు చెప్పే దారి నాకు లేకపోయింది.

ఇప్పుడు విను. ఎండలు ముదిరినప్పటి నుంచి మా బ్యారక్‌కంతా రోజుకొక డ్రమ్ము నీళ్లిస్తున్నారు. తాగాలన్నా కడుక్కోవాలన్నా అదే. ఆఫీసు ముందర రోజా మొక్కలకు మాత్రం పైపుతో పోస్తారు. ప్రతాపు నోరు నీకు తెలుసు. "ఏమన్నా, మేం మొక్కలై పుట్టింటే బాగుండు. పైపు మా తట్టు తిప్పుతాంటివి" అన్నాడు పెద్ద వార్డరుతో. బ్యారకంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఖైదీలు నవ్వితే ఓర్చుకోలేని మనిషి అతను.

సాయంత్రం వాణ్ణి సామాన్ల గదికి పిలిపించారు. ఆ గది మా బ్యారక్‌ను ఆనుకునే ఉంటుంది. మొదట వాడు ఏదో జవాబు చెబుతున్నట్టు వినిపించింది. తర్వాత "మామా" అని అరిచాడు. చాలాసార్లు అరిచాడు. నేను కడ్డీలు పట్టుకుని ఊపాను, కనబడిన ప్రతివాణ్ణీ బతిమాలాను. చేయగలిగింది అంతే. అరుపు ఆగాక ఇద్దరు వాణ్ణి రెక్కలు పట్టుకుని మా ముందర నుంచే తీసుకుపోయారు. ఎడమ కాలు వెనక ఈడుస్తోంది. నన్ను చూసి నీళ్లు అడిగాడు. చెంబు కడ్డీల సందులోంచి చాచాను. అందనివ్వలేదు. మళ్లీ వాణ్ణి నేను చూడలేదు.

మేజిస్ట్రేటు నన్ను అడగడానికి ఇక్కడికే వస్తారట. స్నానాల గదిలో పడ్డాడని చెప్పి సంతకం పెడితే నా బెయిలుకు అడ్డు చెప్పరట. లేకపోతే ఏమవుతుందో పెద్ద వార్డరు మెల్లగా చెప్పాడు. "స్నానాల గది ఇంకా జారతానే ఉండాది తిప్పేస్వామీ, చూసుకోని నడువు" అన్నాడు.

నాకేమీ తోచడం లేదు. నిజం చెబితే బతకనివ్వరు. అబద్ధం చెప్పి వస్తే నీ ముఖం, మా అక్క ముఖం ఎట్లా చూడాలి? నువ్వు ఏది చెబితే అది చేస్తాను. జవాబు సుష్మమ్మ చేతికివ్వు. వకీలు తెచ్చే కాగితాలు వీళ్లు విప్పరు.

మామ

*

ధర్మవరం,
జూలై 10

మామా,

కుళ్లాయప్ప వచ్చాడు. తిన్నాడు. చెంబు నీళ్లు తాగి ఇంకో చెంబు అడిగాడు. నువ్వు రాసింది నేను అమ్మకు చదివి వినిపించలేదు. "మామా అని అరిచాడు" అన్న చోట నేనే దాటలేకపోయాను. పోయిన ఉత్తరంలో నిన్ను అన్న మాటలు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తోంది.

నేను మోకాలి సంగతి రాసినందుకు ఇక్కడ కూడా ఫలితం కనబడింది. ఓట్లప్పుడు తప్ప మన వీధిలో అడుగుపెట్టని నాయకుడొకడు బసప్ప ఇంటికి వచ్చాడు. చిన్న వయసులో పోయిన పిల్లోడు, మంచి సమాధి కట్టిస్తాను, సిమెంటు, ఇనుప కమ్ములు, బండలు అన్నీ నావే, పైన నందిని కూడా పెట్టిస్తాను అన్నాడట. కులమంతా పొంగిపోయింది. మనవాళ్లలో ఎవరికి కట్టారు అంత సమాధి? అడుగు మందం కాంక్రీటు పోసి, మీద నందిని కూర్చోబెట్టాక, ఇంక దాన్ని పగలగొట్టమనే ధైర్యం ఎవరికుంటుంది?

గుంత తవ్వి చూడాలని సుష్మమ్మ అర్జీ పెట్టింది. కన్నతల్లే ఏమీ లేదంటుంటే తవ్వేదెందుకని అవతలివాళ్లు అడ్డం కొట్టారు. నేను పోయి బసప్ప కాళ్లు పట్టుకున్నాను. "లింగంలో కలిసినోన్ని లేపేది యాడన్నా ఉండాదా తల్లీ? చేతులారా పాపం కట్టుకుంటామా?" అని ఆయనా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడైతే పోట్లాడేదాన్ని. మంచివాడు కాబట్టి ఏం చేయాలో తెలియడం లేదు. అమ్మ నోరు విప్పదు. మాట మారిస్తే తన కొడుకు కూర్చోలేదని తనే ఊరికి చాటాలి. అది ఆమె వల్ల కావడం లేదు. అటు నువ్వు, ఇటు అమ్మ, మధ్యలో సిమెంటు. ఎటు తిరిగినా గోడే తగులుతోంది.

నీకు రెండు జవాబులు రాశాను. నిజం చెప్పు అని రాసింది చించేశాను. ఇది రెండోది. మామా, సంతకం పెట్టు. జారి పడ్డాడని చెప్పి ఇంటికి రా. ఈ ముక్క రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. తమ్ముడి చావును అమ్ముకుంటున్నట్టుంది. అయినా సరే. వాడి కోసం నిన్ను కూడా ఆ గదిలోకి తోయలేను. నేను కోపంతో రాసిందంతా మరిచిపో. నువ్వు బతికి రా, చాలు. ఆపైన ఇద్దరం కలిసి జీవితాంతం ఏడుద్దాం.

సుష్మమ్మ సోమవారం నీ దగ్గరికి వస్తానంది. ఆమె చేతికే ఇస్తున్నాను.

నీ సునంద

*

జైలు నుంచి,
జూలై 14

సునందా,

సుష్మమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. తొందరగా రాస్తున్నాను. నీ ఉత్తరం ఇప్పుడే అందింది. మేజిస్ట్రేటు శనివారమే వచ్చి వెళ్లారు.

జారి పడ్డాడనే చెబుదామని పోయాను. నిజం. ఆ మాటలు వల్లె వేసుకుని మరీ పోయాను. సూపరింటెండెంటు గదిలో కూర్చోబెట్టారు. తలుపు తెరిచే ఉంది. బయట పెద్ద వార్డరు బూట్లు కనబడుతున్నాయి. మేజిస్ట్రేటు చిన్న వయసు ఆమె. ముందుగా అక్క చెప్పింది చదివి వినిపించింది. "దెబ్బలేమీ లేవు. నా కొడుకు బంగారట్లా కూర్చున్నాడు."

అది వినగానే నాకు అక్క గొంతే వినబడింది. విరిగిన కాలు చేత్తో పట్టుకున్న తల్లి ఆ మాట ఎట్లా అనగలిగిందో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. కొడుకు పరువు కోసం ఆమె చెప్పుకున్న అబద్ధాన్ని వాణ్ణి చంపినవాళ్లు హాయిగా వాడుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. భయం పోలేదు, భయంతోనే నోరు తెరిచాను. "మేడం, శవం కూర్చోలేదని మావోళ్లు చచ్చినా ఒప్పుకోరు. వాడు కూర్చోలేడు మేడం. విరిగిన కాలు ఈడుస్తా పోయేది నేను చూసినా" అన్నాను. ఆమె కలం పక్కన పెట్టి, లేచి వెళ్లి తలుపు మూసి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. అంతా చెప్పాను. ఎవరెవరో పేర్లతో సహా చెప్పాను.

శనివారం నుంచి నన్ను ఒంటరి గదిలో పెట్టారు. నా రక్షణ కోసమేనట. తాళంచెవి మాత్రం పెద్ద వార్డరు దగ్గరే ఉంటుంది. బెయిలుకు అడ్డు చెప్పారట, రాలేదు. వేరే జైలుకు మార్చమని సుష్మమ్మ అర్జీ పెడుతోంది. బయట బూట్ల చప్పుడైతే చాలు, లేచి గోడకు ఆనుకుని నిలబడుతున్నాను. నిద్ర లేదు.

నీ ఉత్తరం రెండు రోజుల ముందు అంది ఉంటే సంతకం పెట్టి వచ్చేసేవాణ్ణి. అందనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. నువ్వు రమ్మన్నావు కదా, ఆ మాట దగ్గర పెట్టుకుంటాను.

సిమెంటు పడకముందే తవ్వించు. నా ఒక్కడి మాటైతే ఖైదీ మాట అని కొట్టిపారేస్తారు. తమ్ముడు అడిగాడని అక్కకు చెప్పు. కొడుకు కూర్చోలేదని ఒప్పుకోమను.

మామ

*

ధర్మవరం,
ఆగస్టు 2

ఈ ఉత్తరం ముందుగా విప్పి చదివే అయ్యగారికి,

నమస్కారం. మీరు చదవాలనే దీన్ని పోస్టులో వేస్తున్నాను. దీని నకలు మా వకీలు సుష్మమ్మ మేజిస్ట్రేటుగారికి ఇచ్చింది. తీరికగా చదువుకుని ఆపైన మా ఆయనకు ఇవ్వండి.

పోయిన నెలలో సిమెంటు లారీ శ్మశానానికి వచ్చింది. దానికంటే ముందే మా అమ్మ బయమ్మ పోయి గుంత మీద కూర్చుంది. తమ్ముడు మేజిస్ట్రేటు ఎదుట ఏం చెప్పాడో విన్నప్పటి నుంచి ఆమె సరిగా అన్నం ముట్టలేదు. కులంవాళ్లు లేవమన్నారు, లేవలేదు. చివరికి బసప్ప వచ్చి అడిగితే ఆయనతో చెప్పింది. "నా కొడుకు కూర్చోలేదు బసప్పా. నేనే గుడ్డలు బిగిచ్చి కూర్చోబెట్టినా. మోకాలు నా చేతిలో ఊగులాడింది. వాన్ని ఎవరూ ఏమీ అనగూడదని మీకు అబద్ధం చెప్పినా. ఆ మేజిస్ట్రేటమ్మకూ చెప్పినా. మీరు బండ వేసేటట్లయితే నా మీదనే వేయండి." అందరూ నేలచూపులు చూశారు. పాపం ఎవరిదో నాకు చెప్పండి అని ఆమె అందరినీ అడిగింది. బసప్ప పోయి లారీని వెనక్కి తిప్పించాడు.

అమ్మ మేజిస్ట్రేటుగారి దగ్గరికి పోయి అదే చెప్పింది. ఆ మాట, మా ఆయన మాట రెండూ కలిశాక తవ్వమని ఆర్డరు వచ్చింది. నిన్న తవ్వారు. మేజిస్ట్రేటుగారు, తహసీల్దారు, ఇద్దరు డాక్టర్లు, వీడియో తీసేవాళ్లు అందరూ ఉన్నారు. అమ్మ కట్టిన చీరముక్క ఇంకా కాలికి అట్లాగే ఉంది. అది విప్పి, ఎడమ కాలు రెండు చోట్ల విరిగిందని పెద్ద డాక్టరు వీడియోలో వినబడేట్టు పైకి చెప్పాడు. నేను చెట్టు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ మాత్రం చూపు తిప్పుకోలేదు.

రిపోర్టుకు నెలలు పడుతుందట. కేసుకు ఎన్నేళ్లో ఎవరూ చెప్పడం లేదు. మమ్మల్ని తిప్పి తిప్పి అలిసిపోయేట్టు చేస్తారని నాకు తెలుసు. జైలు మార్చమన్న అర్జీ కూడా తేలలేదు, అంతవరకు మా ఆయన మీ తాళం కిందే ఉంటాడు. నాకు భయంగా లేదని మీకు అబద్ధం చెప్పను. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆయన తిన్నాడో లేదోనని మింగుడు పడదు. కానీ అయ్యా, ఇప్పుడు ఆ గదిలో ఆయనతో పాటు మీరూ ఉన్నారు. ఆయన చెప్పింది నిజమని నిన్నటితో తేలింది. ఇంక ఆయన జారిపడినా, జ్వరంతో పడుకున్నా, పస్తున్నా, అందరూ అడిగేది మిమ్మల్నే. ఆయన బాగుండాలని నేను రోజూ దేవుడికి మొక్కుతున్నాను. మీరూ మొక్కండి. మీకూ వేరే దారి లేదు.

ఇక్కడి నుంచి మా ఆయనకు.

మామా, సాయంత్రం ప్రతాపును మళ్లీ పూడ్చాం. బసప్ప మామూలుగానే కూర్చోబెట్టే గుంత సిద్ధం చేయించబోతే అమ్మ వద్దంది. "ఆ కాలుతో ఎంతసేపని కూర్చుంటాడు, పండుకోనీ" అంది. మనలో ఎవరినీ అట్లా పూడ్చలేదు. అయినా ఎవరూ అడ్డు చెప్పలేదు. బసప్పే దిగి, గుంతను పొడుగ్గా తవ్వించి, వాడి తల కింద మారేడాకు సర్దాడు.

నువ్వు ప్రతి వారం రాయి, నీ చేత్తోనే రాయి. క్షేమము అని రాయొద్దు. భయం వేస్తే భయంగా ఉందనే రాయి. వాళ్లు చదవనీ.

నీ సునంద